పార్లర్ డబ్బా క్రీములో మందు కలిపారని అనుమానం. ఏ టెస్టు చేయించాలి?

సుధ_కావలి | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా అక్క కూతురికి మాఘమాసంలో పెళ్లి. శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకున్నాం. అప్పటి నుంచి నెల్లూరులో ఒక పార్లర్ వాళ్లు ఇచ్చిన నైట్ క్రీము రాస్తోంది. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మూత మీద బంగారు రంగు స్టిక్కర్, దాని మీద ఏదో పువ్వు, 'హెర్బల్' అన్న ఒక్క ముక్క. అంతే. తయారు చేసిందెవరో లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు. ధర 600. పది రోజుల్లో మొహం నిగనిగలాడింది. దీపావళికి అందరం "ఏం రాస్తున్నావే" అని అడిగినవాళ్లమే. దాచేదేముంది, నేనూ ఒక డబ్బా తెప్పించుకున్నాను. ఇంకా మూత తీయలేదు.

కార్తీకంలో తన డబ్బా అయిపోయి వారం రోజులు రాయలేదు. నాలుగో రోజుకే బుగ్గలు కందిపోయాయి. ఎండలోకి వెళ్తే కారం పూసినట్టు మంట. గడ్డం చుట్టూ సన్న కురుపులు, పై పెదవి మీద నూగు. మళ్లీ రాస్తే రెండు రోజుల్లో తగ్గింది. ఆపితే మళ్లీ మొదలు. చర్మం డాక్టరు చూడగానే ఇందులో స్టెరాయిడ్ ఉన్నట్టుంది అన్నారు. పార్లర్‌లో అడిగితే "అంతా కలబంద, కుంకుమపువ్వే మేడం, ల్యాబ్ రిపోర్టు కూడా ఉంది" అని ఒక కాగితం చూపించారు. ఫొటో తీసుకున్నాను. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం, అన్నీ పాస్.

ఇప్పుడు నేను డాక్టరు మాట నమ్మాలా, కాగితం నమ్మాలా? మా అక్కకి టెన్షన్‌తో నిద్ర లేదు.

పెన్నా_గట్టు | శనివారం, రాత్రి 9.58

కుంకుమపువ్వు వేసి 600కే ఇస్తున్నారా! ఆ పార్లర్ అడ్రస్ ఇవ్వక్కా, బిర్యానీలోకి తెచ్చుకుంటాం.

రొయ్యల_ల్యాబ్ | శనివారం, రాత్రి 10.25

సుధ గారూ, డాక్టరు చెప్పిందీ నిజమే కావచ్చు, కాగితంలో ఉన్నదీ నిజమే కావచ్చు. రెండింటికీ పోటీ లేదు.

నేను నెల్లూరు దగ్గర రొయ్యల ఎగుమతులకి టెస్టులు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. మీకు చూపించిన కాగితం లోహాల టెస్టుది. దాన్ని మామూలుగా ఐసీపీ-ఎంఎస్ అనే మిషన్ మీద చేస్తారు. శాంపిల్‌ని ఆసిడ్‌లో కరిగించి, కొన్ని వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. అందులో పడ్డ ఏ పదార్థమైనా విరిగి పరమాణువుల కింద మిగులుతుంది. సీసం సీసంలా, పాదరసం పాదరసంలా బయటికొస్తాయి. స్టెరాయిడ్ అంటే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, మహా అయితే ఒకటి రెండు ఫ్లోరిన్లు, క్లోరిన్లు. ఆ మంటలో దాని ఆనవాలే మిగలదు. క్రీములో సగం స్టెరాయిడే ఉన్నా ఆ కాగితం మీద 'పాస్' అనే వస్తుంది. దొంగ పెరటి గోడ దూకుతుంటే వీధి గుమ్మం దగ్గర కాపలా కాసినట్టు.

మీరు అడగాల్సింది ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (పదార్థాల్ని విడదీసి, బరువుని బట్టి గుర్తుపట్టే మిషన్) మీద కార్టికోస్టెరాయిడ్ల టెస్టు. దాంతోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా. తెల్లబరిచే క్రీముల్లో ఈ మూడూ ఒక జట్టు.

మందుల_షాపు_పొదిలి | శనివారం, రాత్రి 11.05

ఆ జట్టు గురించి నేను చెప్తాను. కౌంటర్ వెనక 19 ఏళ్లు నిలబడ్డవాణ్ణి.

హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025, మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ 0.1. ఈ మూడూ కలిపిన ట్యూబులు డాక్టర్లు మంగు మచ్చలకి రాసే మందు. కొన్ని వారాలు వాడి ఆపాల్సినవి. మనవాళ్లు చీటీ లేకుండా వచ్చి, ట్యూబు రంగు చెప్పి "అదివ్వన్నా, మొహం తెల్లగా వస్తుంది" అంటారు. 2018లో కేంద్రం పూత స్టెరాయిడ్లు 14 రకాలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, చీటీ లేనిదే అమ్మకూడదు. అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, మా వాళ్లని వెనకేసుకురాను. ఒకప్పుడు నేనూ ఇచ్చాను.

పార్లర్ డబ్బాల సంగతి ఇంకో రకం. దాన్ని 'మిక్సింగ్ క్రీము' అంటారు. కోల్డ్ క్రీము కిలో డబ్బా తీసుకుని, క్లోబెటసాల్ ట్యూబులు పది పదిహేను పిండి, కొంచెం సెంటు వేసి గరిటెతో కలిపి చిన్న డబ్బాల్లో నింపుతారు. ఒక డబ్బాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు. క్లోబెటసాల్ అంటే పూత స్టెరాయిడ్లలో అన్నింటికన్నా బలమైనది. అరచేతుల్లో, అరికాళ్లలో తోలు మందమెక్కిన జబ్బులకి రాసే మందు. పెళ్లికూతురి బుగ్గలకి కాదు.

పార్లర్_వాణి | ఆదివారం, ఉదయం 7.30

అందరినీ ఒకే గాటన కట్టకండి. నాకు నెల్లూరులో చిన్న పార్లర్ ఉంది. నేను కలపను. కానీ ఏజెంట్లు బ్యాగులో డబ్బాలు వేసుకుని వస్తారు. "మేడం, డబ్బాకి ఇంత మిగులుతుంది, మీ పేరు స్టిక్కర్ వేసుకోండి" అంటారు. ఒకసారి తీసుకున్నాను కూడా. అందులో ఏముందో నాకెలా తెలుస్తుంది? చూస్తే తెల్లగా ఉంటుంది, వాసన బాగుంటుంది. కస్టమర్‌కి మొహం మెరిస్తే మాకే మంచి పేరు. మమ్మల్ని తిట్టే ముందు ఇది కూడా ఆలోచించండి.

చర్మం_డాక్టరమ్మ | ఆదివారం, ఉదయం 8.10

వాణి గారూ, ఎలా తెలుస్తుందంటే, అంత త్వరగా మెరిసినప్పుడే అనుమానించాలి. మంచి క్రీము ఏదీ పది రోజుల్లో పాత మంగుని తుడిచెయ్యదు.

సుధ గారూ, నేను ఒంగోలులో ప్రాక్టీసు చేస్తాను. మీరు చెప్పిన లక్షణాల వరస (రాస్తే మెరుపు, ఆపితే ఎరుపు, మంట, కురుపులు, నూగు) నా క్లినిక్‌కి దాదాపు రోజూ వస్తుంది. స్టెరాయిడ్ రక్తనాళాలని బిగబడుతుంది, అందుకే తెల్లగా కనపడుతుంది. ఆపగానే అవి ఒక్కసారి విచ్చుకుంటాయి, మొహం ఎర్రబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి సన్న నరాలు అద్దంలో కనిపిస్తాయి. దీనికి మన చర్మ వైద్యులు పెట్టిన పేరే 'స్టెరాయిడ్ పాడుచేసిన మొహం'.

రెండు మాటలు. అమ్మాయి తనంతట తాను మళ్లీ మొదలుపెట్టడం, ఆపడం చేయకూడదు. చూస్తున్న డాక్టరు ఎలా తగ్గించమంటే అలా తగ్గించాలి. రెండోది, రిపోర్టు కోసం వైద్యం ఆపొద్దు. స్టెరాయిడ్ పేరు తెలిస్తే నాకు ఉపయోగమే, దాని బలాన్ని బట్టి ఎన్నాళ్లు పడుతుందో చెప్పొచ్చు. తెలియకపోయినా వైద్యం మొదలుపెట్టొచ్చు.

అమ్మాయికి ఒకసారి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా చేయించండి. ఎందుకో సాయంత్రం రాస్తాను, ఓపీకి టైమైంది.

ఎమ్మెస్సీ_కాకుటూరు | ఆదివారం, ఉదయం 10.15

@రొయ్యల_ల్యాబ్ అన్నా, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు. మాకు మాస్ స్పెక్ట్రోమీటర్ బోర్డు మీదే నడుస్తుంది. ఇందులో క్లోబెటసాల్‌ని ఎలా పట్టుకుంటారో కొంచెం విడమరిచి చెప్పవా? సార్ని అడిగితే నోట్సు చూడమన్నారు.

రొయ్యల_ల్యాబ్ | ఆదివారం, మధ్యాహ్నం 2.40

అన్నం తిని కూర్చున్నా, చెప్తా.

ముందు క్రీముని దారికి తేవాలి. అర గ్రాము తూచి, మిథనాల్ లేదా ఎసిటోనైట్రైల్ పోసి, అల్ట్రాసోనిక్ తొట్టిలో పెడితే విడిపోతుంది. తర్వాత గడ్డకట్టే చలిలో కాసేపు ఉంచాలి. మైనం, పారఫిన్ తెల్లగా పేరుకుని అడుక్కి పోతాయి, స్టెరాయిడ్ పైన తేటలో ఉంటుంది. తిప్పి, వడగట్టి, బాగా పలచన చేసి మిషన్‌కి ఇవ్వాలి.

లిక్విడ్ క్రోమటోగ్రఫీ కాలమ్ లోపలున్నవాటిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కటిగా బయటికి పంపుతుంది. బయటికొచ్చే చోట కరెంటు పెట్టిన సూది తుంపరగా చల్లుతుంది. ఒక్కో మాలిక్యూల్ ఒక ప్రోటాన్‌ని తగిలించుకుని చార్జితో ఎగురుతుంది. క్లోబెటసాల్ ప్రొపియోనేట్ అయితే 467 అనే బరువు దగ్గర కనిపిస్తుంది. మొదటి క్వాడ్రుపోల్‌కి (బరువుని బట్టి వడగట్టే జల్లెడ) 467 తప్ప దేన్నీ వదలొద్దని చెప్తాం. నడి గదిలో గ్యాస్‌కి కొట్టి విరగ్గొడతాం. విరిగే పద్ధతి దాని పుట్టుమచ్చ లాంటిది. ముందు హైడ్రోజన్ ఫ్లోరైడ్ పోతుంది, 20 తగ్గి 447. తర్వాత ప్రొపియోనిక్ ఆసిడ్, 74 తగ్గి 373. ఆ తర్వాత ఒక నీటి మాలిక్యూల్, 18 తగ్గి 355. మూడో క్వాడ్రుపోల్ ఈ ముక్కల్ని లెక్కపెడుతుంది. అసలు స్టెరాయిడ్ కొని అదే రోజు నడిపిస్తాం. కాలమ్ నుంచి బయటపడే నిమిషం, ముక్కల మధ్య నిష్పత్తి రెండూ దాంతో కలిస్తేనే 'ఉంది' అంటాం.

ఇంకో ముచ్చట. క్లోబెటసాల్‌లో ఒక క్లోరిన్ ఉంది. ప్రకృతిలో క్లోరిన్ 35, 37 అని రెండు బరువుల్లో మూడింటికి ఒకటి లెక్కన ఉంటుంది. అందుకే ఫుల్ స్కాన్‌లో చూస్తే 467 గీత పక్కన 469 దగ్గర దాదాపు మూడో వంతు ఎత్తులో తమ్ముడి గీత ఉంటుంది. నాకు అది చూస్తే భలే ముచ్చటగా ఉంటుంది. రొయ్యల్లో మేం వెతికే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కి క్లోరిన్లు రెండు, కాబట్టి అక్కడ తమ్ముళ్లు ఇద్దరు.

ఎమ్మెస్సీ_కాకుటూరు | ఆదివారం, మధ్యాహ్నం 3.20

సూపర్ అన్నా. ఒక డౌట్. బీటామెథాసోన్ అని ఇంకో స్టెరాయిడ్, దాని బరువు 393. అందులోంచి 20 పోతే 373, ఇంకో 18 పోతే 355. అంటే క్లోబెటసాల్ ముక్కలూ, దీని ముక్కలూ ఒకటే కదా! తేడా ఎలా తెలుస్తుంది?

రొయ్యల_ల్యాబ్ | ఆదివారం, మధ్యాహ్నం 3.45

నువ్వు పాసవుతావురా తమ్ముడూ.

తల్లి బరువు (విరగకముందుది) వేరు కాబట్టి మొదటి గుమ్మం దగ్గరే విడిపోతాయి. పైగా ఆ 373లు చూడ్డానికే ఒకటి. హై రిజల్యూషన్ మిషన్ మీద పెడితే క్లోబెటసాల్ ముక్క 373.16, బీటామెథాసోన్ ముక్క 373.20. దానిలో క్లోరిన్ ఉంది, దీనిలో లేదు.

అసలు చిక్కు బీటామెథాసోన్‌కీ డెక్సామెథాసోన్‌కీ మధ్య. ఫార్ములా ఒకటే, బరువు ఒకటే, ముక్కలూ అవే. 16వ కార్బన్ మీద ఉన్న మిథైల్ ఒకదాంట్లో పైకి, ఇంకోదాంట్లో కిందికి. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు లాంటివి, తూకం వేస్తే ఒకటే. వాటిని కాలమ్ మీద జాగ్రత్తగా విడదీయాల్సిందే. తొందరపడి కాలమ్ టైము తగ్గించిన ల్యాబ్ ఒకదాని పేరు ఇంకోదానికి రాసేస్తుంది.

పెన్నా_గట్టు | ఆదివారం, సాయంత్రం 4.10

అన్నా, ఇంత తెలిసినవాడివి, సుధక్క డబ్బా మీ మిషన్ మీదే గమ్మున పెట్టేస్తే అయిపోయే కదా!

రొయ్యల_ల్యాబ్ | ఆదివారం, సాయంత్రం 4.35

ఉద్యోగం పోద్ది. ఉత్త మాట కాదు, కారణం ఉంది.

యూరప్‌కి పోయే రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ 0.3 పీపీబీ (వంద కోట్లలో 0.3 పాళ్లు) దాటకూడదు అనేవాళ్లు. 2022 నవంబరు నుంచి దాన్ని 0.15కి దించారు. వంద కోట్లలో పదిహేను పాళ్లు కాదు, వంద కోట్లలో ఒక పాలుకి ఆరో వంతు కూడా లేదు. మా మిషన్ ఆ లెక్కలకి ట్యూన్ చేసి ఉంటుంది. క్లోబెటసాల్ ట్యూబులో మందు 0.05 శాతం, అంటే 5 లక్షల పీపీబీ. 0.15తో పోలిస్తే 33 లక్షల రెట్లు. దాన్ని పలచన చేయకుండా ఎక్కిస్తే సూది, కాలమ్, గొట్టాలు అన్నీ పట్టేసుకుంటాయి. పైగా క్రీముల్లో కలిపే పెగ్ జాతి ఎమల్సిఫయర్లు (నూనెనీ నీటినీ కలిపి ఉంచేవి) ఉంటాయి, 44 చొప్పున తేడాతో నిచ్చెన మెట్లలా స్క్రీన్ నిండా గీతలు గీస్తాయి. వాటిని కడిగేసరికి రెండు రోజులు. ఆలోపు ఏ కంటైనర్ రొయ్యలో ఆగిపోతే?

ఒక్కోసారి ఇదే మనసులో మెదుల్తుంది. మన రొయ్య ఏ దేశంలో ఎవరి ప్లేటులోకి పోతుందో, దాని కోసం వంద కోట్లలో పాలు వెతుకుతాం. మన ఆడపిల్ల రోజూ రాత్రి మొహానికి రాసుకునేదాన్ని అడిగే దిక్కు లేదు.

కనిగిరి_కుర్రోడు | ఆదివారం, సాయంత్రం 5.02

మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. ఆన్‌లైన్‌లో కొన్న 'గానుగ నూనె' రాస్తే మూడు నెలల్లో జుట్టు వచ్చింది. ఇందులో కూడా ఏమన్నా ఉంటుందా?

మందుల_షాపు_పొదిలి | ఆదివారం, సాయంత్రం 5.15

మినాక్సిడిల్ (జుట్టు మొలిపించే మందు) ఉందేమో చూడాలి. గానుగ నూనెకి బట్టతల మీద జుట్టు మొలిపించే శక్తి ఉంటే మా తాతకి జడ ఉండేది.

మోడరేటర్ | ఆదివారం, సాయంత్రం 5.20

కనిగిరి తమ్ముడూ, నూనె గురించి వేరే టాపిక్ పెట్టండి. ఇక్కడ క్రీము మాటే సాగనివ్వండి. పార్లర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరూ రాయొద్దు.

చర్మం_డాక్టరమ్మ | ఆదివారం, రాత్రి 8.30

పొద్దున అన్న మూత్ర పరీక్ష సంగతి. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు వచ్చిన మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసులు 22 పరిశీలించారు. ఇది కిడ్నీ జల్లెడ పాడై ప్రోటీన్ కారిపోయే జబ్బు. అందులో 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం తేలింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. అనుమానం పాదరసం మీద. క్రీము ఆపితే చాలామందికి తగ్గుముఖం పట్టింది. కాబట్టి ఉదయం మూత్రంలో నురగ ఎక్కువగా వచ్చినా, కాళ్లు వాచినా తేలిగ్గా తీసుకోకండి.

పెన్నా_గట్టు | ఆదివారం, రాత్రి 8.41

నెల్-1 ఏంది మేడం, మా ఊరి పేరు పెట్టేశారే!

చర్మం_డాక్టరమ్మ | ఆదివారం, రాత్రి 8.50

అది ఒక ప్రోటీన్ పేరు బాబూ. నెల్లూరుకి ఏ సంబంధం లేదు, బిల్లులు కట్టేటప్పుడు తప్ప.

సుధ_కావలి | ఆదివారం, రాత్రి 9.15

కానీ మేడం, కాగితంలో పాదరసం పాస్ అని ఉంది కదా? మన దగ్గర పాదరసానికి హద్దు ఎంత?

రిటైర్డ్_ఆఫీసర్_ఒంగోలు | ఆదివారం, రాత్రి 9.50

అమ్మా, నేను ఔషధ నియంత్రణ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం కంటి చుట్టూ వాడేవాటిలో 70 పీపీఎం (పది లక్షల్లో 70 పాళ్లు), మిగతావాటిలో పొరపాటున చేరితే 1 పీపీఎం మించకూడదు. పాదరసంతో చేసిన వస్తువులని తగ్గించుకోవాలన్న మినామటా ఒప్పందం 2017లోనే అమల్లోకి వచ్చింది.

అది పక్కన పెట్టండి. మీరు తీసిన ఫొటోని పెద్దది చేసి మూడు చోట్ల చూడండి. ఒకటి, శాంపిల్ ఎవరు తీశారు. రెండు, శాంపిల్ వర్ణన. మూడు, కింద చిన్న అక్షరాల్లో ఏముంది. నేను ఉద్యోగంలో ఉండగా రిపోర్టు చేతికిస్తే ముందు అంకెలు చూసేవాణ్ణి కాదు, ఈ మూడే చూసేవాణ్ణి.

సుధ_కావలి | ఆదివారం, రాత్రి 10.20

సార్, చేతులు వణుకుతున్నాయి. శాంపిల్ తీసింది 'కస్టమర్' అని ఉంది. కింద 'మాకు అందిన శాంపిల్‌కి మాత్రమే ఈ ఫలితాలు వర్తిస్తాయి' అని ఉంది. వర్ణన దగ్గర 'లేత గులాబీ రంగు క్రీము, 50 గ్రాముల గాజు సీసా'. మా డబ్బా ప్లాస్టిక్, క్రీము తెల్లగా ఉంటుంది!

పెన్నా_గట్టు | ఆదివారం, రాత్రి 10.24

వేరేవాళ్ల జాతకం చూపించి పెళ్లి కుదిర్చినట్టుంది.

రిటైర్డ్_ఆఫీసర్_ఒంగోలు | ఆదివారం, రాత్రి 10.45

ల్యాబ్‌ది తప్పు లేదు. వాళ్లకి గులాబీ క్రీము ఇచ్చారు, గులాబీ క్రీముకే రిపోర్టు రాశారు.

ఇక మీ దగ్గరున్న మూత తీయని డబ్బా బంగారం లాంటిది. తెరవకండి, స్టిక్కర్ చింపకండి, ఇంకో సీసాలోకి మార్చకండి. కొన్న రశీదు గానీ ఫోన్ పే మెసేజ్ గానీ ఉంటే దాచండి. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940లో సెక్షన్ 26 ఉంది. ఎవరైనా సరే తాము కొన్న మందుని గానీ కాస్మెటిక్‌ని గానీ దరఖాస్తు, ఫీజు కట్టి గవర్నమెంట్ అనలిస్ట్‌కి పంపి రిపోర్టు తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు వేరే. ఆయన షాపులో తానే శాంపిల్ తీసి, సీలు వేసి పంపితేనే కోర్టులో కేసు నిలుస్తుంది. స్టెరాయిడ్ పడ్డాక అది కాస్మెటిక్ అనిపించుకోదు. లైసెన్సు లేకుండా తయారైన మందు అవుతుంది.

సుధ_కావలి | కొన్ని రోజుల తర్వాత, మంగళవారం, రాత్రి 8.05

అప్‌డేట్. మా పాప వాడి వదిలేసిన డబ్బాలో అడుగున కొంచెం మిగిలి ఉంటే ముందు దాన్ని చెన్నైలో ఒక ప్రైవేటు ల్యాబ్‌కి కొరియర్ చేశాం. తొందర ఆగలేదు. ఈ రోజు రిపోర్టు వచ్చింది. హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్, డెక్సామెథాసోన్, నాలుగింటికీ 'గుర్తించబడలేదు'. అంటే స్టెరాయిడ్ లేనట్టేనా? పార్లర్ వాళ్ల మీద అనవసరంగా పడ్డామా? మా బావ అయితే "ఇక వదిలెయ్యండి" అంటున్నాడు.

రొయ్యల_ల్యాబ్ | మంగళవారం, రాత్రి 8.30

వదలొద్దు. ఆ నాలుగు పేర్లు మళ్లీ చదవండి. క్లోబెటసాల్ ఏది? మోమెటాసోన్ ఏది?

నేను పైన రాసిన పద్ధతిలో మిషన్ మనం పేరు పెట్టి పిలిచినదాన్నే వెతుకుతుంది. 393 చూడమంటే 393 చూస్తుంది. పక్కనే 467 బండెడు పోతున్నా తల తిప్పదు. ఆ ల్యాబ్‌లో స్టెరాయిడ్ ప్యాకేజీ అంటే ఆ నాలుగే కాబోలు. రేపు ఫోన్ చేసి రెండు అడగండి. క్లోబెటసాల్ ప్రొపియోనేట్, మోమెటాసోన్ ఫ్యూరోయేట్, ఫ్లుఓసినోలోన్, ట్రయామ్సినోలోన్ స్టాండర్డ్లు (పోల్చి చూడ్డానికి అసలు మందులు) మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే హై రిజల్యూషన్ మిషన్ మీద ఫుల్ స్కాన్ చేస్తారా? రెండోదానిలో వచ్చినవన్నీ రికార్డు అవుతాయి, తర్వాత తీరిగ్గా ఏ బరువు కావాలంటే ఆ బరువు వెతుక్కోవచ్చు.

ఎమ్మెస్సీ_కాకుటూరు | మంగళవారం, రాత్రి 9.10

నేను ఈ టాపిక్ చూశాక లైబ్రరీలో కూర్చున్నా. చైనావాళ్లు కాస్మెటిక్స్‌లో 41 స్టెరాయిడ్లకి కలిపి ఒకే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ పద్ధతిని 2009లోనే ప్రామాణికం చేసుకున్నారు. అయినా 2021లో ఫుజియాన్‌లో పసిబిడ్డ క్రీములో క్లోబెటసాల్ దొరికింది. ఆ బిడ్డ మొహం ఉబ్బిపోయి, ఒంటి నిండా వెంట్రుకలు. 41 ఎక్కడ, 4 ఎక్కడ!

పార్లర్_వాణి | మంగళవారం, రాత్రి 9.40

సుధ గారూ, ఆ పార్లర్ మాది కాదు. కానీ నా దగ్గర పోయినేడాది ఏజెంట్ ఇచ్చిన డబ్బా ఒకటి మిగిలి ఉంది. అదే బంగారు స్టిక్కర్, అదే పువ్వు. మీరు ల్యాబ్ వాళ్లని అడిగినప్పుడు నాకూ చెప్పండి, నా ఖర్చుతో నేనూ పంపుతాను. నిన్నటి నుంచి గొంతులో ముద్ద దిగడం లేదు.

సుధ_కావలి | తర్వాతి సోమవారం, సాయంత్రం 6.50

ల్యాబ్‌లో ఒకామెకి ఫోన్ చేశాను, చాలా ఓపిగ్గా మాట్లాడింది. దాచిన తేట మిగిలి ఉందట, ఫుల్ స్కాన్ చేశారు. ఫలితం చూస్తూ రాస్తున్నాను. క్లోబెటసాల్ ప్రొపియోనేట్ ఉంది, కిలోకి 412 మిల్లీగ్రాములు. హైడ్రోక్వినోన్ కోసం వేరే మిషన్ మీద అల్ట్రావయొలెట్‌తో చూశారట, 'లేదు'.

ఆమె స్క్రీన్ ఫొటో పంపింది. 467 దగ్గర ఒక పొడుగు గీత, రెండు అంకెలు అవతల పొట్టి గీత. తమ్ముడి గీత అన్నది ఇదే కదా అన్నా?

రొయ్యల_ల్యాబ్ | సోమవారం, సాయంత్రం 7.15

అదేనమ్మా.

412 అంటే 0.04 శాతం. డాక్టరు చీటీ మీద ఇచ్చే ట్యూబు 0.05. అంటే మీ పాప నాలుగు నెలలు దాదాపు నిఖార్సైన క్లోబెటసాల్ ట్యూబే మొహానికి రాసుకుంది. ఇంకో అడుగు కూడా ఆలోచించండి. గరిటెతో కలిపిన క్రీము కదా, పైన ఒక లెక్క, అడుగున ఒక లెక్క ఉండొచ్చు. అందుకే అంకె కన్నా 'ఉంది' అన్న మాటే మీకు ముఖ్యం.

చర్మం_డాక్టరమ్మ | సోమవారం, రాత్రి 8.00

ఈ రిపోర్టు మీ డాక్టరుకి చూపించండి, పేరు తెలిసింది కాబట్టి ఆయన ప్లాన్ మారొచ్చు. దుష్ప్రభావాలు రిపోర్టు చేసే కేంద్ర హెల్ప్‌లైన్ ఉంది, 1800-180-3024. దానికీ చెప్పమనండి, మీరూ చెప్పండి. మూత్ర పరీక్ష ఏమైంది?

సుధ_కావలి | సోమవారం, రాత్రి 8.20

ప్రోటీన్ లేదు మేడం, నార్మల్. మా అక్క ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టింది.

రిటైర్డ్_ఆఫీసర్_ఒంగోలు | సోమవారం, రాత్రి 9.05

ఒక జాగ్రత్త. ఈ ప్రైవేటు రిపోర్టు పట్టుకుని పార్లర్‌కి వెళ్లి గొడవ పెట్టుకోకండి. వాళ్లకి ముందే తెలిస్తే రాత్రికి రాత్రి స్టాకు మాయమవుతుంది. ముందు డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.

సుధ_కావలి | సోమవారం, రాత్రి 9.12

సార్... మా బావ మధ్యాహ్నమే వెళ్లాడు పార్లర్‌కి. "స్టాకు అయిపోయింది, ఇక తెప్పించడం లేదు" అన్నారట.

పెన్నా_గట్టు | సోమవారం, రాత్రి 9.14

బావలతో ఇదే తంటా.

పార్లర్_వాణి | మంగళవారం, ఉదయం 9.30

నా డబ్బా నేను నిన్న కొరియర్‌లో వేశాను. ఆ ఏజెంట్ నంబరుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. కానీ నా దగ్గర అతను రాసిచ్చిన చీటీ ఉంది, డబ్బాల లెక్క, తేదీ, సంతకం. సుధ గారూ, మీరు ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి ఎప్పుడు వెళ్తున్నారో చెప్పండి, చీటీ పట్టుకుని నేనూ వస్తాను.

సుధ_కావలి | మంగళవారం, ఉదయం 10.05

గురువారం వెళ్దాం వాణి గారూ. నేను కావలి నుంచి ప్యాసింజర్‌లో వస్తాను. ఆఫీసర్ గారు చెప్పినట్టు సెక్షన్ 26 కింద నా డబ్బా అక్కడే దరఖాస్తుతో ఇస్తాను.

డబ్బా భద్రంగా ఉంది సార్. కవర్లో పెట్టి, టేపు వేసి, తేదీ రాసి, బీరువాలో పట్టుచీరల వెనక దాచాను. నిన్న మా అమ్మ చీరలు తీస్తూ చూసి "పెళ్లికి కొన్న నగేమోనే" అని టేపు పీకబోయింది. బీరువా తాళం ఇప్పుడు నా కొంగుకే ఉంది.